రంభ రేవు నుంచి చిలికా దీవులకు ఒక్కరోజు ప్రయాణం: శ్రీకాకుళం వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది సోంపేట దగ్గర పల్లె. ఏటా చలికాలంలో ఒకసారైనా చుట్టాలనో, ఇరుగుపొరుగునో వెంటబెట్టుకుని ఒడిశాలోని చిలికా సరస్సు దీవులకు వెళ్లడం నాకు అలవాటు. వెళ్లొచ్చిన వాళ్లు ఇంకొకరికి చెబుతారు, వాళ్లు ఫోన్ చేసి అడుగుతారు. అడిగేవి ఇంచుమించు అవే ప్రశ్నలు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఇందులో ఒక్క మాటే గుర్తుంచుకునే ఓపిక ఉంటే, "ఎన్ని గంటలకు పడవ ఎక్కాలి?" అన్న ప్రశ్నకు రాసిన జవాబు చదవండి. మిగతావన్నీ దాని చుట్టూ తిరిగేవే.

ఒక్కరోజులో వెళ్లి రాగలమా?

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట వాళ్లు హాయిగా వెళ్లి రావచ్చు. ఇచ్ఛాపురం నుంచి బరంపురం మీదుగా, చిలికా ఒడ్డున ఉన్న రంభకు హైవే మీద గంటన్నర ప్రయాణం. పలాస వాళ్లకు ఇంకో గంట కలుస్తుంది. శ్రీకాకుళం టౌన్ నుంచైతే సుమారు 200 కిలోమీటర్లు, కారులో నాలుగు గంటలు వేసుకోవాలి. అంటే తెల్లవారుజామున రెండున్నరకే బయలుదేరాలి. విజయనగరం వాళ్లు ఒక్కరోజులో రావాలనుకోవద్దు. రాత్రంతా కూర్చుని వచ్చి, కళ్లు మండుతుంటే పడవెక్కి, మళ్లీ రాత్రంతా కూర్చుని వెళ్లడంలో సుఖం లేదు. ముందురోజు సాయంత్రానికే ఇచ్ఛాపురంలోనో, సోంపేటలోనో చుట్టాలింటికి చేరి పడుకోండి. మన జిల్లా చివర్న చుట్టాలు లేని కుటుంబం అరుదు. లేకపోతే బరంపురంలో లాడ్జీలు బోలెడు.

మనకే ఇంత సముద్రం, ఇన్ని ఏరులు ఉండగా అంత దూరం ఎందుకు?

సముద్రం మనకూ ఉంది, నిజమే. బారువ తీరం, కళింగపట్నంలో వంశధార కడలిలో కలిసే చోటు, భావనపాడు, ఇవన్నీ నాకు ప్రాణం. కానీ మన తీరంలో పడవెక్కితే ఎదురుగా ఉండేది విప్పారిన బంగాళాఖాతం. ఆ పడవలు వేటకు వెళ్లే పడవలు. అలల్లోంచి పడవ దాటించడం మన గంగపుత్రులకు పుట్టుకతో వచ్చిన విద్య. పిల్లాపాపలతో షికారుకు వెళ్లేవాళ్లకు అది పనికిరాదు. చిలికాలో అలా కాదు. సముద్రానికీ దానికీ మధ్య ఇసుక గట్టు అడ్డం ఉంది. నీళ్లు నిదానంగా ఉంటాయి. మధ్యలో చిన్న చిన్న రాతి దీవులు, వాటి మీద చెట్లు, పక్షులు తప్ప మనిషి అలికిడి ఉండదు. అలాంటి చోట అరగంట కూర్చోవడానికే ఇంత దూరం వెళ్లేది.

ఇంకో మాట. అది మనకు పరాయి చోటు కాదు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి గంజాం జిల్లాలోవే. రంభ కూడా అదే జిల్లా. మన తాతల కాలంలో కోర్టు పనికీ, బట్టల కొనుగోలుకూ, పెళ్లి సంబంధాలకూ బరంపురమే పట్నం.

చిలికా సముద్రమా, చెరువా? నీళ్లు ఉప్పగా ఉంటాయా?

రెండూ కలిసింది. ఉత్తరం వైపు నుంచి మహానది పాయలైన దయా, భార్గవి నదులు మంచినీళ్లు తెస్తాయి. తూర్పున ఇసుక గట్టుకు ఉన్న గండి నుంచి సముద్రపు పోటు లోపలికి వస్తుంది. పొడవు 64 కిలోమీటర్ల పైచిలుకు. ఎండాకాలంలో 900 చదరపు కిలోమీటర్ల దాకా తగ్గి, వానాకాలంలో 1,160 దాటుతుంది. మన దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇంకొకటి లేదు. రెండోది మన పులికాట్.

1981లో చిత్తడి నేలల రక్షణకు ఏర్పడిన రామ్‌సర్ అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తింపు పొందిన తొలి భారతీయ చిత్తడి నేలల్లో ఇదొకటి. తర్వాత ఒండ్రు పేరుకుని, సముద్రపు ముఖద్వారం పూడిపోయి, ఉప్పు తగ్గి, నీళ్లమీద కలుపు అల్లుకుపోయింది. చేపల దిగుబడి పడిపోయింది. 1993లో ఆ ఒప్పందం కిందే, ఆపదలో ఉన్న చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. 2000 సంవత్సరంలో ఇసుక గట్టును తవ్వి కొత్త ముఖద్వారం తెరిచారు. పోటు నీళ్లు మళ్లీ లోపలికి వచ్చాయి, చేపా రొయ్యా తిరిగొచ్చాయి. 2002లో ఆ జాబితా నుంచి పేరు తీసేశారు. చిలికాను చూసినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది. చేజారిపోయిందనుకున్న సరస్సు మళ్లీ నిండింది.

రంభ వైపు నీళ్లు ఉప్పగానే ఉంటాయి. నోట్లో వేసుకుంటే పల్చటి ఉప్పురుచి. తాగడానికి పనికిరావు.

ఏ రేవుకు వెళ్లాలి? రంభా, బార్కులా, సాతపడా?

మనకు రంభ. సాతపడ పూరీ వైపు ఉంది, డాల్ఫిన్ల కోసం వెళ్లేది అక్కడికే. మన వైపు నుంచి ఒక్కరోజులో కుదరదు. బార్కుల్ బాలుగావ్ దగ్గర, రంభ దాటి ఇంకా ముందుకు వెళ్లాలి. సరస్సులో దీవి మీద ఉన్న కాళీజాయి అమ్మవారి గుడికి వెళ్లే జనమంతా అక్కడే ఎక్కుతారు. సెలవు రోజుల్లో తిరునాళ్లలా ఉంటుంది. రంభ సరస్సుకు దక్షిణపు కొస. మనకు అన్నిటికన్నా దగ్గర, అన్నిటికన్నా నిశ్శబ్దం. కొండలు నీళ్ల అంచు దాకా వచ్చి ఆగుతాయి. దీవులు కూడా రేవుకు దగ్గరే. ఒడిశా పర్యాటక సంస్థ వాళ్ల బస పాంథనివాస్, పడవల రేవు అక్కడే ఉన్నాయి.

ఏ నెలలో వెళ్లాలి?

నవంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి మధ్య దాకా. అందులోనూ డిసెంబరు, జనవరి మేలు. వలస పక్షులు సైబీరియా, మంగోలియా, లడఖ్ వైపు నుంచి అప్పటికి వచ్చేసి ఉంటాయి. జనవరిలో వాటిని లెక్క పెడతారు. ఇటీవలి లెక్కల్లో సరస్సు మొత్తం మీద పది లక్షలు దాటాయి.

అక్టోబరు వద్దే వద్దు. దసరా సెలవులు కదా అని చాలామంది అప్పుడే అడుగుతారు. మన తీరం అక్టోబరు ఎలాంటిదో మనకు వేరే చెప్పాలా? 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2014లో సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖను కొట్టింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరిని, జీడితోటలను నేలమట్టం చేసింది. తుపాను లేకపోయినా అల్పపీడనం ఉందంటే చాలు, పడవలు ఆపేస్తారు.

మార్చి నుంచి ఎండ ఒకటే కాదు, దక్షిణం గాలి కూడా పెరుగుతుంది. ఎండాకాలంలో తప్పక వెళ్లాల్సి వస్తే, తెల్లారగానే వెళ్లి తొమ్మిదిన్నరకల్లా ఒడ్డు చేరాలి. వానాకాలం నేను వెళ్లను, వెళ్లమని ఎవరికీ చెప్పను.

సంక్రాంతి రోజుల్లోనూ వద్దు. కాళీజాయి జాతర అప్పుడే, పడవలన్నీ ఆ వైపే ఉంటాయి. డిసెంబరు ఆఖరి వారం, ఆదివారాలు కూడా వదిలేస్తే మంచిది. మంగళవారమో, బుధవారమో పెట్టుకుంటే దీవి మీద మీరొక్కరే ఉంటారు.

ఎన్ని గంటలకు పడవ ఎక్కాలి?

ఉదయం ఏడు గంటలకు. ఏడున్నర దాటనివ్వొద్దు. పదకొండున్నరకల్లా తిరిగి ఒడ్డు మీద ఉండాలి.

ఇది నా ఇష్టాయిష్టాల సంగతి కాదు. చిలికాలో లోతు తక్కువ. చాలాచోట్ల ఒక మనిషి నిలువు, రెండు నిలువులు. లోతు లేని నీళ్లమీద గాలి తగిలితే అల చప్పున లేస్తుంది. లోతు సముద్రంలోలా పొడుగ్గా సాగదు, దగ్గర దగ్గరగా నిట్టనిలువుగా పడవ పక్కల్ని కొడుతుంది. పొద్దున్న అద్దంలా ఉన్న నీళ్లే మధ్యాహ్నం రెండింటికి తెల్లటి నురగతో మరుగుతున్నట్టుంటాయి. నేల వేడెక్కేకొద్దీ గాలి లేస్తుంది, పొద్దు వాలాక తగ్గుతుంది. అక్కడి పడవవాళ్లు తమ రోజంతా ఈ లెక్క మీదే నడుపుకుంటారు. మన లెక్కా అదే కావాలి.

నాకు ఇది అనుభవం మీద తెలిసింది. ఒక ఫిబ్రవరిలో మా ఇంటివాళ్లం, మా అప్పా వాళ్లు కలిసి పదకొండు మందిమి బయలుదేరాం. దారిలో టిఫిన్లు, ఫొటోలు, ఇంకో గుడి అనుకుంటూ పడవెక్కేసరికి పదకొండున్నర అయింది. పడవాయన పెద్దవాడు. "బాబూ, ఇప్పుడెందుకు, సాయంత్రం దగ్గర్లో ఒక చుట్టు తిప్పుతాను" అన్నాడు. మేమే వినలేదు. దీవికి బాగానే చేరాం. తిరిగి పడవ దగ్గరికి వచ్చేసరికి ఆయన నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు. దూరంగా వలల కోసం పాతిన వెదురు కర్రలకు గుడ్డపేలికలు కట్టి ఉంటాయి. మేం వచ్చేటప్పుడు వేలాడుతూ ఉన్న ఆ పేలికలు ఇప్పుడు కర్రకు అడ్డంగా నిలబడి కొట్టుకుంటున్నాయి. వాటిని చూపించి "అవి పడిపోయాకే కదిలేది" అన్నాడు. మా బావ రెట్టింపు డబ్బులిస్తానన్నాడు. ఆయన తల అడ్డంగా ఊపాడంతే, మాట కూడా అనలేదు.

అయిదింటి దాకా దీవికి గాలి తగలని వైపు రాళ్ల చాటున కూర్చున్నాం. తిండి మొత్తం ఒడ్డున కారులో ఉంది. మా అత్తమ్మకు షుగరు. మధ్యాహ్నం మూడింటికి ఆమె చేతులు వణకడం మొదలైంది. పిల్లల సంచిలో రెండు అరటిపండ్లు, ఒక బెల్లం ముక్క దొరికాయి కాబట్టి సరిపోయింది. సాయంత్రం పేలికలు వాలిపోయాక ఆయన లేచి, ఏమీ జరగనట్టే లంగరు తీశాడు. ఒడ్డు చేరాక రెట్టింపు డబ్బులివ్వబోతే మాట్లాడుకున్నదే తీసుకున్నాడు. ఆ రోజు నుంచి రెండు నియమాలు పెట్టుకున్నాను. పడవ టైమును బట్టే మిగతావన్నీ. పడవవాడు వద్దంటే వద్దు.

డిసెంబరు, జనవరిల్లో పొద్దున్నే పొగమంచు దట్టంగా ఉండొచ్చు. అప్పుడు తొందరపెట్టకండి. దీవి కనబడేదాకా ఆగాల్సిందే. సాధారణంగా ఎనిమిది, ఎనిమిదిన్నరకు విడిపోతుంది.

రైల్లో వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. పలాస, సోంపేట, ఇచ్ఛాపురం స్టేషన్ల మీదుగా వెళ్లే పాసింజరు రైళ్లు రంభలో ఆగుతాయి. సోంపేట స్టేషన్ ఉన్నది కంచిలిలో అని బయటి చుట్టాలకు ముందే చెప్పండి. ఎక్స్‌ప్రెస్‌లకు బరంపురం దిగి బస్సు పట్టుకోవాలి. అయితే పైన చెప్పిన టైముకు పడవెక్కాలంటే రైలు ఒక్కోసారి అందదు. బయలుదేరే ముందురోజు టైములు చూసుకోండి. కుదరకపోతే నలుగురు కలిసి కారు మాట్లాడుకోవడమే నయం. రంభ దాటి బాలుగావ్ వైపు రైల్లో ఎప్పుడైనా వెళ్తే కుడివైపు కిటికీ పట్టండి. చాలాదూరం పట్టాల పక్కనే సరస్సు వస్తుంది.

పడవ ఎలా మాట్లాడుకోవాలి?

పర్యాటక సంస్థ రేవులో రేట్లు బోర్డు మీద రాసి ఉంటాయి, బేరం ఉండదు. ఊరి పడవలైతే మాట్లాడుకోవాలి. డబ్బుల కన్నా ముందు నాలుగు సంగతులు తేల్చుకోండి. ఆ ధర పడవ మొత్తానికా, మనిషికా. ఏ దీవులు, ఒక్కోచోట ఎంతసేపు ఆగుతారు. ఎన్నింటికి ఒడ్డున దింపుతారు. లైఫ్ జాకెట్లు ఎంతమందికి ఉన్నాయి. ఈ నాలుగోది మాటల్లో కాదు, కళ్లతో చూసుకోండి. జాకెట్లు తెప్పించి అందరికీ తొడిగాకే పడవ కదలాలి. పట్టీలు తెగినవి, పిల్లలకు మెడ దాకా జారిపోయేవి లెక్కలోకి రావు.

పడవ అడుగున కొంచెం నీళ్లుంటే బెదరొద్దు, చెక్క పడవలో చెమ్మ ఊరుతుంది. దాన్ని తోడడానికి నూనె డబ్బా సగానికి కోసింది ఒకటి పడవలోనే ఉంటుంది. అది కూడా లేదంటే మాత్రం ఇంకో పడవ చూసుకోండి. ఎనిమిది మంది పట్టే పడవలో పదిమందిమి సర్దుకుంటాం అనొద్దు. మన ఆటోల అలవాటు నీళ్లమీద పనికిరాదు.

గీసి గీసి బేరమాడకండి. డీజిలు పోను ఆ ఇంటికి మిగిలేది ఎక్కువేం ఉండదు.

దీవి మీద ఏముంటుంది?

దుకాణాలు, ఊయలలు ఉండవు. అది తెలిసే వెళ్లండి.

రంభ నుంచి అందరూ వెళ్లేది బ్రేక్‌ఫాస్ట్ దీవికి. స్థానికులు శంకుడ అంటారు. ఖల్లికోట రాజా కట్టించిన బంగళా శిథిలం ఉంది, గోడల మీద చెట్ల వేళ్లు దిగిపోయాయి. బీకన్ దీవి అంటే దీవి కూడా కాదు, నీళ్లలోంచి లేచిన రాతిగుట్ట. దాని మీద శంఖంలా పైకి సన్నబడే స్తంభం. ఈస్టిండియా కంపెనీ కాలంలో గంజాం కలెక్టరుగా చేసిన స్నాడ్‌గ్రాస్ కట్టించాడు, పైన దీపం పెట్టేందుకని చెబుతారు. ఇంకొంచెం దూరంలో పక్షుల దీవి ఉంది. పెద్ద పెద్ద వేలాడే బండలు, పక్షుల రెట్టలతో సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటాయి.

నాకు ఇష్టమైంది బరకుడ. రంభకు సుమారు 5 కిలోమీటర్లు. హనీమూన్ దీవి అని పర్యాటకులు పెట్టుకున్న పేరు. ఈ దీవిలోనే 1917లో అనండేల్ అనే జంతుశాస్త్రవేత్త కాళ్లు లేని ఒక బల్లిజాతి జీవిని గుర్తించాడు. పాములా ఉంటుంది కానీ పాము కాదు, మట్టిలో దూరి బతుకుతుంది. దీవి పేరుతోనే దాని జాతికి బర్కుడియా అని పేరు పెట్టారు. దాని దగ్గరి బంధువు మన విశాఖపట్నం ప్రాంతంలో దొరికింది. అందుకే అక్కడ రాళ్లు తిరగేయొద్దని, ఆకులు తన్నొద్దని పిల్లలకు ముందే చెబుతాను. ఆకుల కింద అదే ఉండొచ్చు మరి.

పడవ ఇంజిన్ ఆపేశాక మొదటి నిమిషం చెవులు హోరెత్తుతాయి. తర్వాత ఒక్కొక్కటే వినబడడం మొదలవుతుంది. రాళ్ల సందుల్లో నీళ్లు గుటకలు వేసే చప్పుడు. ఎక్కడో నీటికాకి రెక్కలు విదిలించుకోవడం. ఒకసారి నీటి అంచున మోకాళ్ల మీద కూర్చుని చూస్తే, రాయికి పట్టిన ఆల్చిప్పల మధ్య వేలి గోరంత పీత ఒకటి, ఒక్క డెక్కతో నాచు తుంచి నోటికి అందించుకుంటోంది. నీడ పడగానే ఆగింది. కదలకుండా ఉంటే మళ్లీ మొదలెట్టింది. మా మేనకోడలు పావుగంట దాన్నే చూసింది. ఆ పిల్ల ఇంట్లో అయిదు నిమిషాలు ఒకచోట కూర్చోదు.

నలబన పక్షుల దీవికి వెళ్లొచ్చా?

నలబన వేరు. 15 చదరపు కిలోమీటర్ల పైచిలుకు రెల్లుగడ్డి మెరక. వానాకాలంలో మునిగిపోయి, నీళ్లు తగ్గాక బయటపడుతుంది. 1987 నుంచి పక్షుల అభయారణ్యం. లోపలికి అడుగుపెట్టనివ్వరు, అది సబబు కూడా. రంభ నుంచి దూరం కాబట్టి పొద్దున్న ప్రయాణంలో ఇరికించొద్దు. రంభ వైపే బాతులు, కొంగలు, నీటికాకులు కావలసినన్ని కనబడతాయి. బైనాక్యులర్ ఉంటే తెచ్చుకోండి. పక్షుల గుంపు మీదికి పడవ పోనిమ్మని, లేపి ఎగరేయమని అడగొద్దు. ఫొటో కోసం అలా అడిగేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చినవి, ఒక పూట తిండి తింటుంటే లేపేయడమేంటి?

పక్షులను దగ్గర నుంచి చూడడమే మీ పనైతే మన తేలినీలాపురం ఉంది. టెక్కలి దగ్గరే. పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు చింతచెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. ఆ ఊరివాళ్లు వాటిని ఆడపడుచుల్లా చూసుకుంటారు.

డాల్ఫిన్లు కనబడతాయా?

రంభలో ఆశ పెట్టుకోవద్దు. ఇరావడీ డాల్ఫిన్లు ఎక్కువగా ఉండేది సాతపడ వైపు, సముద్రపు నీళ్లు లోపలికొచ్చే కాలవల్లో. మొత్తం సరస్సులో నూట యాభై అటూ ఇటూ. ఎవరైనా రంభలో డాల్ఫిన్ గ్యారంటీ అంటే ఆ పడవ ఎక్కకండి.

కాళీజాయి దర్శనం కూడా కలుపుకోవచ్చా?

దర్శనమే ముఖ్యమైతే బార్కుల్ నుంచి వెళ్లండి, అప్పుడు రంభ దీవులు మానేయండి. రెండూ ఒకేరోజు పెట్టుకుంటే రెండోది మధ్యాహ్నం గాలిలో పడుతుంది.

అమ్మవారి కథ తెలిసినవాళ్లు ఈ మాట కాదనరు. జాయి అనే పిల్లను తండ్రి పెళ్లి తర్వాత అత్తారింటికి పడవలో తీసుకెళ్తున్నాడట. నడిమధ్యలో గాలివాన లేచి పడవ తిరగబడింది. అందరూ దొరికారు, ఆ పిల్ల దొరకలేదు. తర్వాత ఆ దీవి దగ్గర ఆమె గొంతు వినబడిందట. ఆమెనే కాళీజాయిగా కొలుస్తున్నారు. ఇప్పటికీ పడవవాళ్లు ఆ వైపు దాటేటప్పుడు చెయ్యెత్తి దండం పెడతారు. మన తీరంలో వేటకు వెళ్లేముందు గంగమ్మ తల్లికి మొక్కినట్టే. గాలితో పనిచేసేవాళ్ల భక్తి ఎక్కడైనా ఒకటే.

చిన్నపిల్లలను, పెద్దవాళ్లను తీసుకెళ్లొచ్చా?

మూడేళ్లలోపు పిల్లలను తీసుకెళ్లొద్దని చెబుతాను, వాళ్లకు సరిపోయే జాకెట్ దొరకదు. పెద్దవాళ్లు హాయిగా రావచ్చు. కష్టమల్లా ఎక్కడం, దిగడం. దీవి దగ్గర రేవు కట్టి ఉండదు, పడవ ముక్కును రాళ్లకు ఆనిస్తారు. నాచు పట్టిన రాయి మీద కాలు పెడితే జారుతుంది. మోకాళ్ల నొప్పులున్న వాళ్లను పడవలోనే నీడన కూర్చోబెట్టి, పక్కన ఒకరు తోడుండండి. దీవి చుట్టూ తిప్పమంటే పడవవాళ్లు తిప్పుతారు. మా నాన్న చివరిసారి అలాగే చూశారు, దిగలేదు. "కూర్చునే అంతా చూశాన్రా" అని ఇంటికొచ్చాక నాలుగు రోజులు చెప్పుకున్నారు.

వెంట ఏం తీసుకెళ్లాలి?

తాగే నీళ్లు, మనిషికి రెండు లీటర్లు. దీవి మీద చుక్క మంచినీరు దొరకదు. తిండి, గంట ప్రయాణమే అయినా సరే, పడవలోకే తెచ్చుకోండి, కారులో వదలొద్దు. మేం పులిహోర, ఉడికించిన వేరుశనగలు, అరటిపండ్లు తీసుకెళ్తాం. పలాస జీడిపప్పు ఒక పొట్లం. రోజూ వేసుకునే మందులు. టోపీ లేదా తువ్వాలు, ఎందుకంటే నీళ్లమీది ఎండ చలికాలంలోనూ మొహం మాడ్చేస్తుంది. పొద్దున్న చలికి ఒక శాలువా. వెనక పట్టీ ఉన్న చెప్పులు. ఫోనుకు ప్లాస్టిక్ కవరు, చేతిలో కొంత నగదు. నీళ్ల మధ్య సిగ్నలు వస్తుందన్న నమ్మకం లేదు.

చెత్తకు ఒక ఖాళీ సంచి. తెచ్చిన ప్రతి కవరూ ఆ సంచిలోనే వెనక్కి రావాలి. నిరుడు శంకుడలో పాత గోడ పక్కన బిర్యానీ డబ్బాలు, పేపరు ప్లేట్లు చూసి మనసు చివుక్కుమంది. ఒక సంచి నింపుకుని తెచ్చాం, ఇంకా మిగిలాయి.

బాత్రూములు ఉంటాయా?

దీవుల మీద ఉండవు. పడవ ఎక్కేముందు రంభలో చూసుకోవాలి. ఆడవాళ్లు ఇబ్బంది పడేది ఇక్కడే. దీవుల మీద గడిపేది మొత్తం నాలుగు గంటలు దాటకుండా చూడడానికి ఇదీ ఒక కారణం.

భోజనం ఎక్కడ?

ఒడ్డునే. పడవ ఎక్కేముందే హోటల్లో చెప్పి వెళ్తే, వచ్చేసరికి వేడిగా సిద్ధం చేస్తారు. చిలికా పీతలు, రొయ్యలు ఇక్కడివే కాబట్టి ఆ రుచే వేరు. మసాలా మనకన్నా తక్కువ, ఆవ ఘాటు ఎక్కువ. కారం కావాలంటే ముందే చెప్పండి. పీతను బరువు చూసి ధర అడిగి తర్వాతే వండమనండి, తిన్నాక మాటామాటా రాకుండా. శాకాహారులకు అన్నం, డాల్మా దొరుకుతాయి. డాల్మా మన ముక్కల పప్పుకు అన్నలాంటిది.

ఒడియా రాకపోతే ఎలా?

ఇబ్బంది లేదు. గంజాం అంతా తెలుగు తెలిసినవాళ్లు ఉంటారు. సముద్రం ఒడ్డున నొలియాలని పిలిచే బెస్తవాళ్లు ఇంట్లో మాట్లాడేది తెలుగే. పడవను డొంగా అంటారు, నీళ్లు పాణి, ఎంత అంటే కెతే. పెద్దవాళ్లకు జవాబిచ్చేటప్పుడు "ఆగ్యా" అంటే మనం "ఆఁ అండి" అన్నట్టు. ఆ ఒక్క మాటకే ఎదుటివాళ్ల మొహం విచ్చుకుంటుంది.

నీళ్లలో దిగి ఈత కొట్టొచ్చా?

వద్దు. పైకి కనబడని వలలు, పాతిన కర్రలు, కోసుకుపోయే ఆల్చిప్పలు ఉంటాయి. కాళ్లు తడుపుకోండి చాలు. వలల మీద చెయ్యి వేయొద్దు. చిలికా మీద ఆధారపడి లక్షన్నర మందికి పైగా జాలర్లు బతుకుతున్నారు. ఒక వల చిరిగితే ఒక ఇంటికి ఆ వారం గడవదు.

మధ్యలో ఇంజిన్ ఆగిపోతే?

లేచి నిలబడొద్దు, అందరూ ఒకే వైపుకు జరగొద్దు. లోతు తక్కువ కాబట్టి పడవవాళ్లు గెడ వేసి నెడతారు, లేదా లంగరు వేసి బాగు చేసుకుంటారు. నాకు రెండుసార్లు జరిగింది, రెండుసార్లూ అరగంటలో కదిలాం. పొద్దున్న పూట వెళ్లడంలో లాభం అప్పుడు తెలుస్తుంది, నీళ్లు కదలకుండా ఉంటాయి.

అంతదూరం వెళ్లాక పడవలు ఆపేస్తే ఆ రోజు ఏం చేయాలి?

బతిమాలొద్దు. వెనక్కి తిరగండి. దారిలో గోపాల్‌పూర్ ఉంది, ఒడ్డున కూర్చుని సముద్రం చూడొచ్చు, లైట్‌హౌస్ ఉంది. ఫిబ్రవరి, మార్చి నెలలైతే గంజాం దగ్గర రుషికుల్య నది ముఖద్వారంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. ఆ నది మీదుగానే మీ దారి. అటవీశాఖ వాళ్లు అనుమతించినంత దూరం నుంచే చూడాలి. అవే తాబేళ్లు మన తీరానికీ వస్తాయని పిల్లలకు చెప్పండి. మన జిల్లాలోకి వచ్చాక మందసలో వాసుదేవ పెరుమాళ్ గుడి చూసి, మందస కోవా కట్టించుకుని ఇంటికి చేరండి. ఒకసారి మేం అచ్చంగా అలాగే చేశాం. పిల్లలు ఇప్పటికీ ఆ కోవా రోజనే చెప్పుకుంటారు.

పడవవాళ్లకు పైన ఏమైనా ఇవ్వాలా?

అడగరు. ఇస్తే తీసుకుంటారు. నేను దిగేటప్పుడు జీడిపప్పు పొట్లం ఒకటి చేతిలో పెడతాను, ఇంట్లో పిల్లలకని చెప్పి. పోయినసారి అలా ఇస్తే, ఆ అబ్బాయి పడవ అడుగున తడిగోనె కింద నుంచి నాలుగు పీతలు తీసి, డెక్కలు గడ్డితాడుతో కట్టి, మా సంచిలో వేశాడు. ఇచ్ఛాపురం దాటేదాకా సంచిలో కదులుతూనే ఉన్నాయి.